రాదని చెప్పలేను

ఆవిడ సౌమ్యురాలట. మృదుభాషి అట. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషట.

గుడివాడలో మేం చదువుకున్న కాలేజీలో మా జువాలజీ మేడమ్‌కి సంతాప సభ పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఈ మాటలే అంటుంటే వెనక వరసలో కూర్చుని నేను పళ్ళు నూరుకున్నాను. వేదిక మీద ఆవిడ ఫొటో. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. పక్కన నిలబడ్డావిడ చెయ్యి సగం మేడమ్ భుజం మీద అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఫొటో విడిగా ఒక్కటి లేదు వాళ్ళ దగ్గర. సభకి అధ్యక్షులు ఎవరనుకున్నారు? ఆవిడ్ని ఉద్యోగంలోంచి తీసేసిన, కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారే. ముసలివారయ్యారు. జేబురుమాలుతో కళ్ళు కూడా ఒత్తుకున్నారు.

పాత విద్యార్థులు ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే వెళ్ళి మైకు పట్టుకున్నాను. మేడమ్ సౌమ్యురాలు కాదండి, ఆవిడకి చాలా కోపం, ఆ కోపానికి కారణాలు కొన్ని ఈ వేదిక మీదే ఉన్నాయి అని మొదలుపెట్టానో లేదో, ఒక లెక్చరర్ వచ్చి టైము లేదమ్మా అంటూ మైకు తీసుకున్నాడు. వందన సమర్పణ, జాతీయగీతం, కింద టిఫిన్లు. అక్కడ తెగిన మాట ఇక్కడ పూర్తి చేస్తున్నాను. ఆవిడ పేరు మాత్రం రాయను. ఆ ఫొటో కింద బంగారు అక్షరాలతో రాశారు కదా, చాలు.

మేడమ్‌ది దివిసీమ, నాగాయలంక అవతల ఒక పల్లె. కాలేజీ యాజమాన్యం సొంతంగా వేసుకున్న లెక్చరర్. అంటే ప్రభుత్వ ఉద్యోగం కాదు, వాళ్ళు వద్దన్న రోజున వెళ్ళిపోవాల్సిందే. తొంభైల మధ్యలో నేను పామర్రు నుంచి రోజూ బస్సులో వెళ్ళి అక్కడ బీయస్సీ చదివాను. ఆవిడ చేతి గడియారం మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేవారు. కొత్త చాక్‌పీసు ముందు రెండుగా విరిచి గానీ రాసేవారు కాదు, పొడుగుది బోర్డు మీద కీచుమంటే ఒళ్ళు మండేది. ఆవిడకి ఒళ్ళు మండని సంగతులు తక్కువే. కండక్టరు ముసలివాళ్ళని ‘నువ్వు’ అంటే మండేది. ల్యాబులో కప్పని సరిగా మత్తివ్వకుండా కోస్తే మండేది. స్టాఫ్ రూములో ఎవరైనా మా అబ్బాయికి లెక్కలు మా నాన్నగారి దగ్గర్నుంచి వచ్చాయండీ అంటే, ఏ క్రోమోజోము మీద వచ్చాయి సార్, నాక్కూడా చూపించండి అనేవారు. ఆ తర్వాత అక్కడ టీ తాగటం ఎవరికీ సహించేది కాదు.

కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు. పమిట కొంగు తీసి నడుంలో దోపేవారు. మాకు అదే గుర్తు. కొంగు దోపారంటే ఆ పూట ఎవరికో మూడిందన్నమాట.

అన్నిటికంటే ఎక్కువ కోపం మా గైడులో ఒక వాక్యం మీద. ‘జన్యువులే మన తలరాతను రాస్తాయి’ అని జన్యుశాస్త్రం అధ్యాయం మొదట్లోనే ఉండేది. ఆ పాఠం మొదలుపెట్టిన రోజు అందరి చేతా గైడు తెరిపించి ఆ వాక్యం కొట్టేయించేవారు. కొట్టేశామో లేదో బెంచీల మధ్య తిరిగి చూసేవారు. పెన్సిలుతో కొట్టేసినవాళ్ళ చేత మళ్ళీ పెన్నుతో కొట్టేయించేవారు.

“రాత ఉంటే సరా, చదివేవాడేడీ?” అనేవారు.

ఆ మాట మీదే ఆవిడ పాఠమంతా నడిచేది. మన కంట్లో ఉన్న కణం దగ్గరా, కాలేయంలో ఉన్న కణం దగ్గరా ఉన్నది ఒకే పుస్తకం. ఒక్క అక్షరం తేడా లేదు. కన్ను తనకి కావలసిన పేజీలు తను చదువుకుంటుంది, కాలేయం తనవి తను. మిగతావి మూసి ఉంటాయి. ఏ పేజీ ఎక్కడ తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది, దాన్ని మూసేది ఏమిటి, తెరిచేది ఏమిటి, అది నేర్చుకోండి. ఊరికే పుస్తకం ఉంది పుస్తకం ఉంది అని మురిసిపోకండి అనేవారు.

లాక్ ఆపరాన్ చెప్పిన రోజు బాగా గుర్తు. పేరు బోర్డు మీద రాయగానే వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, లాకులంటే కాలవ మీద లాకులేనా మేడమ్ అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. లాక్ అంటే పాలచక్కెర పేరులో ముక్క అని చెప్పి, అయినా నువ్వన్నదీ దగ్గరగానే ఉంది కూర్చో అన్నారు. మన పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాకి పాలచక్కెరని అరిగించుకునే ఎంజైములు తయారుచేసుకునే జన్యువులున్నాయి. పాలచక్కెర లేనప్పుడు వాటికి అడ్డంగా ఒక ప్రోటీను కూర్చుని ఉంటుంది, లాకు షట్టరు దించినట్టు. చక్కెర లోపలికొచ్చి ఆ ప్రోటీనుని పట్టుకుంటే అది పట్టు వదిలేస్తుంది. అప్పుడు జన్యువు చదవటం మొదలవుతుంది. చక్కెర అయిపోతే ప్రోటీను మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఆ అబ్బాయికి ఉత్సాహం వచ్చి, అయితే అది షట్టరెత్తే లస్కరు లాంటిదన్నమాట అన్నాడు.

ఆవిడ చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది.

“లస్కరు ఎవరి పొలమో చూసి షట్టరెత్తుతాడు. దీనికి ఆ తేడా తెలీదు. చక్కెరొస్తే వదులుద్ది, పోతే పట్టుకుంటది. కణానికి న్యాయం లేదు, అన్యాయం లేదు. దాని చేత నీతులు చెప్పించకండి.”

ఆ రోజు నా పక్కన కూర్చుని బోర్డు మీది బొమ్మ వేసుకుంటున్నవాళ్ళు రాజీ, విజ్జీ. పెడన నుంచి వచ్చిన కవల పిల్లలు. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం పని చేసేవాడు. ఇద్దరూ హాస్టల్లో ఉండేవాళ్ళు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలు, మొహం చూసి పోల్చటం ఎవరి తరమూ కాదు. మేడమ్ కూడా తికమకపడి, రాజీని ఎప్పుడూ కిటికీ వైపు కూర్చోమన్నారు. పాఠంలో అవసరమైనప్పుడల్లా వీళ్ళిద్దర్నీ లేపి నిలబెట్టేవారు. ఒకే పుస్తకం, రెండు ప్రతులు అనేవారు. వాళ్ళకి అది సరదాగానే ఉండేది.

హాస్టల్ మెస్ చుట్టూ తిరిగే మూడు రంగుల పిల్లి ఒకటుండేది. అది కూడా ఆవిడకి పాఠమే. నలుపూ నారింజా మచ్చలున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే ఎందుకవుతుందో ఆ పిల్లిని చూపించి చెప్పారు. ఆడపిల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండు. కడుపులో ఉండగానే ప్రతి కణంలోనూ ఒకటి మూసుకుపోతుంది. ఏది మూసుకుంటుందనేది లెక్కా పత్రం లేని వ్యవహారం. ఒకసారి మూసుకుంటే ఆ కణం నుంచి పుట్టినవన్నీ అలాగే మూసుకుంటాయి. నలుపు జన్యువున్నది మూసుకున్న చోట నారింజ, నారింజది మూసుకున్న చోట నలుపు. తెలుపు సంగతి వేరు, దాని జన్యువు వేరు. మన ఆడవాళ్ళందరి ఒంట్లోనూ ఇదే జరుగుతుంది, బొచ్చు మీద కనపడదు కాబట్టి తెలీదు అన్నారు. మేమంతా ఆ మధ్యాహ్నం మెస్ దగ్గర ఆ పిల్లికి పెరుగన్నం పెట్టి, ఒళ్ళంతా వెతికి వెతికి చూశాం.

రెండో ఏడు సగంలో రాజీ వేళ్ళ కణుపుల మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. తర్వాత పై పెదవి అంచున ఒకటి. బొల్లి. విజ్జికి ఏమీ లేదు. అంతకాలం తికమకపడిన కాలేజీ వాళ్ళిద్దర్నీ ఒక్క చూపులో పోల్చటం నేర్చుకుంది.

హాస్టల్లో ఎవరూ ఏమీ అనలేదు మొదట్లో. రాజీ కూర్చున్న బల్ల మాత్రం ఖాళీ అవటం మొదలైంది. తర్వాత వార్డెన్ పిలిచి, కంచం గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకోమని మెల్లగా చెప్పింది. చేపల కూర తిన్న రోజు పాలు తాగుంటుంది అని ఒకళ్ళు, పెద్దరోగం, అదే కుష్టు, ఇలాగే మొదలవుద్దంట అని ఇంకొకళ్ళు. ఒకరోజు ల్యాబులో ఎవరో వెనక నుంచి మూడు రంగుల పిల్లి అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేడమ్ లోపలి గదిలోంచి విన్నారు.

బయటికొచ్చేసరికే కొంగు నడుంలో ఉంది. మైక్రోస్కోపులన్నీ మూసెయ్యమన్నారు.

“ఆ పాఠం చెప్పింది నేను. ఒకళ్ళ మొహాన కొట్టటానికి చెప్పలేదు. ఆ పిల్లి మచ్చలకీ ఈ మచ్చలకీ సంబంధం లేదు. ఇక్కడ రంగు తయారుచేసే కణాలే చచ్చిపోతాయి. ఎందుకు చచ్చిపోతాయో పూర్తిగా తెలిసినవాడు లేడు. అంటుకోదని మాత్రం తెలుసు. చేపలూ పాలూ కలిపి తింటే వచ్చేదైతే మా దివిసీమలో ఒక్కడికీ రంగు మిగిలేది కాదు.”

ఎవరూ నవ్వలేదు. ఎవరన్నారో చెప్పేదాకా ల్యాబు తలుపు తియ్యనన్నారు. చెప్పాక కూడా ఆ అమ్మాయిని తిట్టలేదు. బొల్లి గురించి తనకి తెలిసింది పది మందికీ వినపడేలా చెప్పమని నిలబెట్టారు. ఆ అమ్మాయికి ఒక్క మాట తెలీదు. తెలీనప్పుడు నోరెలా లేచింది అని అడిగారు. ఆ అమ్మాయి ఏడ్చింది. మేడమ్‌కి జాలి కలగలేదు. నాకూ కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఆ వారంలోనే కరస్పాండెంట్ గారు పెడన కబురంపి కవలల నాన్నని పిలిపించారు. మేం ముగ్గురం ఆఫీసు గది బయట వరండాలో నిలబడ్డాం. తలుపు తెరిచే ఉంది. బక్కపల్చటి మనిషి, గోళ్ళ నిండా నల్లరంగు దిగిపోయి ఉంది, ఆ చేతులు బల్ల కింద దాచుకుని కూర్చున్నాడు. మేడమ్‌ని ఎవరూ పిలవలేదు. మా పక్క నుంచే లోపలికెళ్ళారు.

కరస్పాండెంట్ గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించారు, మంచినీళ్ళు తెప్పించారు. తనకి ఏ అభ్యంతరమూ లేదట. మిగతా పిల్లలు భయపడుతున్నారట, వాళ్ళ తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారట. పెద్దమ్మాయిని కొన్నాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి వైద్యం చేయించుకుంటే మంచిదట. ఆ తర్వాత నెమ్మదిగా అసలు మాట అన్నారు: రెండో అమ్మాయిని కూడా. ఒకే రక్తం కదా, ఇవాళ అక్కకి వచ్చింది రేపు చెల్లికి రాకుండా పోతుందా.

మేడమ్ కూర్చోలేదు. రాజీని చూసిన బందరు చర్మవ్యాధుల డాక్టరు అంటువ్యాధి కాదని చెప్పాడని, రాజీని పంపిస్తే ఎందుకు పంపించారో తనే ప్రతి క్లాసులోనూ చెప్తానని, ఫోన్లు చేసిన తల్లిదండ్రుల ఇళ్ళకి తనే వెళ్ళి మాట్లాడతానని అన్నారు. చాలాసేపే అన్నారు. కరస్పాండెంట్ గారు వింటూ కాగితాల బరువుని బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. చివరికి, సరే, హాస్టల్లో వద్దు, ఇంటి నుంచి వచ్చి చదువుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నారు. బందరు నుంచి వచ్చే పాసింజరు పెడన మీదుగానే గుడివాడ వస్తుంది. రైలు ఎలాగూ ఎవరి చేతులూ చూడదు.

అప్పుడు అంతవరకూ నోరెత్తని ఆ తండ్రి మేడమ్ వైపు తిరిగాడు.

“అమ్మా, రాజీని చదువుకోనీండి. దానికిక పెళ్ళెవరు చేసుకుంటారు, చదువే దిక్కు. చిన్నదాని సంగతి చెప్పండి. దీనికి కూడా వస్తదంటే, రాకముందే ఒకింటిదాన్ని చేసెయ్యాలి నేను. రాదని మీరొక్క మాట చెప్పండి, ఇక్కడే చదివిస్తాను.”

వరండాలో విజ్జి నా చెయ్యి పట్టుకుంది.

మేడమ్ ఆలోచించటం నేను చూశాను. తర్వాత చెప్పారు. కవలల్లో ఒకళ్ళకి వస్తే రెండోవాళ్ళకి రాకపోవటమే ఎక్కువట. పుట్టుకతో తెచ్చుకున్నది ఒకటే అయినా ఏ కణంలో ఏది తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో ఇద్దరిలో ఒకేలా ఉండదట. బహుశా రాదట.

“కానీ రాదని చెప్పలేనండి. నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.”

ఆయన ముందు చెప్పినవేమీ వినలేదు. ఆఖరి మాటే విన్నాడు. కరస్పాండెంట్ గారు కాగితాల బరువుని దాని చోట పెట్టేసి, “విన్నారుగా, మేడమ్ గారే చెప్పలేకపోతున్నారు,” అన్నారు.

ఆ సాయంత్రమే విజ్జి ట్రంకు పెట్టె సర్దుకుంది. నేను బస్సు స్టాండు దాకా వెళ్ళాను. ఆ రోజు నాకు కరస్పాండెంట్ మీద ఎంత మంట ఉందో మేడమ్ మీదా అంతే ఉంది. ఒక్క మాట. రాదు అనే రెండక్షరాలు. ప్రపంచంలో ఎంతమంది ఎన్ని అబద్ధాలు ఆడి హాయిగా బతకటం లేదు? ఆ గదిలో ముగ్గురికీ తెలీని సంగతిని తెలీదని ఒప్పుకున్నది ఆవిడొక్కరే, దానికి మూల్యం విజ్జి కట్టింది.

మచ్చలున్న రాజీ రోజూ రైల్లో వచ్చి డిగ్రీ పూర్తి చేసింది. ఒళ్ళంతా శుభ్రంగా ఉన్న విజ్జి ఇంట్లో కూర్చుంది. చూడటానికి వచ్చినవాళ్ళు అక్కని చూసి ఒకే రక్తం కదా అనుకుంటూ వెళ్ళిపోయేవారట. చివరికి మేనత్త కొడుక్కే ఇచ్చారు. మేడమ్‌ని ఆ విద్యా సంవత్సరం చివర, వచ్చే ఏడు అవసరం లేదని చెప్పి పంపేశారు. కారణం అడిగితే పిల్లలు తగ్గారన్నారట. ఆవిడ చల్లపల్లిలో ఒక ట్యుటోరియల్‌లో చేరారని తర్వాత తెలిసింది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను బందరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నప్పుడు, అవనిగడ్డ వెళ్తూ చల్లపల్లి బస్సు స్టాండులో దిగాను. కంట్రోలర్ గది ముందు ఒకావిడ కొంగు నడుంలో దోపుకుని నిలబడి ఉంది. నాగాయలంక బస్సు చెప్పాపెట్టకుండా ఎందుకు ఆపేశారో చెప్పమంటోంది. జుట్టు తెల్లబడింది, మనిషి సగమయ్యారు, గడియారం మాత్రం మణికట్టు లోపలివైపే ఉంది.

నన్ను గుర్తుపట్టారు. పక్కన కూర్చోబెట్టుకుని, నేనేం చేస్తున్నానో కూడా అడక్కుండా, విజ్జికి వచ్చిందా అన్నారు. రాలేదన్నాను. ఊపిరి పీల్చుకున్నట్టు కనపడలేదు. ఇంకా కోపం వచ్చినట్టే అనిపించింది. నాకూ లోపల దాచుకున్నది ఉంది, అడిగేశాను: ఆ రోజు రాదని ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది మేడమ్?

“అబద్ధం ఆడనందుకు నాకు బాధ లేదమ్మా. ఆయనడిగిందే తప్పు ప్రశ్న. వస్తే ఏవిటంట? వస్తే పిల్ల చదువు మానెయ్యాలా? నేను ఆ మాట అడగాల్సింది. అడక్కుండా, పరీక్షలో పిల్లలు రాసినట్టు, బుద్ధిగా జవాబు చెప్పాను. ఆ ప్రశ్నే కొట్టెయ్యాల్సింది. ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పి, ఆ గదిలో అది జీవశాస్త్రం ప్రశ్న అనుకున్నాను చూడు, నా మీద నాకే ఒళ్ళు మండుద్ది.”

అంటూ సిమెంటు బల్ల మీద అరచేత్తో కొట్టారు. పక్కన కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. నాగాయలంక బస్సు ఎట్టకేలకు వచ్చింది. డ్రైవర్ని దులిపేస్తూనే ఎక్కారు. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపటం కూడా మర్చిపోయారు, లోపల కండక్టరుతో ఇంకా అదే గొడవ. అదే ఆఖరిసారి చూడటం.

సంతాప సభ అయ్యాక టిఫిన్లు తినకుండా స్టేషనుకి వెళ్ళి బందరు పాసింజరు ఎక్కి పెడనలో దిగాను. రాజీ ఏలూరు వైపు బడిలో సైన్సు టీచరు, ఫోను చేసి చెప్పొచ్చు. విజ్జికి ఎదురుగా చెప్పాలనిపించింది.

వాళ్ళ అద్దకం షెడ్డులో పొడుగాటి బల్ల మీద తెల్లబట్ట పరిచి ఉంది. విజ్జి నిలబడి కొయ్య అచ్చులు వేస్తోంది. మోచేతుల దాకా నల్లరంగు మరకలు. ఆ మరకల మధ్య చర్మం చామనఛాయలో ఎక్కడా తేడా లేకుండా ఉంది. మేడమ్ పోయారని చెప్పాను. చేతిలో అచ్చు పక్కన పెట్టింది. ఏ జబ్బు అని అడిగింది, చెప్పాను. ఆవిడ మీద నీకు కోపం ఉందా అని అడిగాను. లేదంది. ఆ గదిలో తనని మనిషిగా చూసి ఆలోచించి మాట్లాడింది ఆవిడొక్కరే అంది.

తర్వాత రెండు చేతులూ నా ముందుకి చాపింది.

“నాకింతవరకు రాలేదు చూడవే. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే పెరట్లో ఎండలో నిలబెట్టి ఒళ్ళంతా చూసేది. పెళ్ళయ్యాక మా అత్త చూసేది. ఇప్పుడు ఎవరూ చూడరు, నేనే చూసుకుంటున్నా. అప్పుడే వచ్చేసినా బావుండేది. రాజీతో పాటు రైలెక్కి వెళ్ళేదాన్ని.”

విజ్జి అచ్చు తీసుకుని రంగులో అద్ది, బట్ట మీద సరిచూసి పెట్టింది. పిడికిలి బిగించి దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్దింది. బల్లంతా అదిరింది. అచ్చు ఎత్తి, ఆ పక్కనే మళ్ళీ పెట్టింది.